స్పెషల్ ఇష్యూకి ప్రపోజల్ రాస్తున్నారా? ముందు ప్రశ్న వెతుక్కోండి

స్పెషల్ ఇష్యూ అంటే ఒకే థీమ్ మీద గెస్ట్ ఎడిటర్లు తెచ్చే జర్నల్ సంచిక. కార్పొరేట్ గవర్నెన్స్, అంటే కంపెనీని ఎవరు ఎలా అదుపులో పెడతారన్న విషయం మీద వచ్చే జర్నల్‌కి మొదటిసారి నేను పంపిన ప్రపోజల్ పేరు ‘వర్ధమాన దేశాల్లో కార్పొరేట్ గవర్నెన్స్’. ఆరు పేజీలు రాశాను. నాలుగు రోజుల్లో రెండు లైన్ల జవాబు, ఇందులో ప్రశ్న ఏమిటో తెలియలేదని. నిజమే, నేను రాసింది సిలబస్‌లో ఒక యూనిట్ పేరు.

అసలు ప్రశ్న మా కోనసీమలో, అంబాజీపేటలో దొరికింది. కొబ్బరి రాశి దగ్గర నిలబడి ఒలుపు చూస్తుంటే, నేను కామర్స్ చెబుతానని తెలిసిన రైతొకాయన కాయల లెక్క ఆపి అడిగాడు: “మాస్టారూ, మా కంపెనీలో నాకు వంద షేర్లున్నాయండి, పక్క తోటాయనకి పదే. ఓటు మాత్రం ఇద్దరికీ ఒకటేనంట, అదేం లెక్కండీ?”

ఆయన అడిగింది ప్రొడ్యూసర్ కంపెనీ గురించి, అంటే రైతుల్లాంటి ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే కంపెనీ. 2002 సవరణతో మన కంపెనీల చట్టంలోకి వచ్చిన రకం ఇది. సభ్యులంతా విడివిడి రైతులైతే ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు, ఆ షేర్లని స్టాక్ మార్కెట్లో అమ్ముకోవడం కుదరదు. మనం క్లాసులో చెప్పే సిద్ధాంతాలు చాలావరకు షేరుని బట్టి ఓటు, నచ్చకపోతే అమ్మేసి పోవచ్చు అన్న రెండు గుంజల మీదే నిలబడ్డాయి. ఆ రెండూ పీకేస్తే మేనేజర్ని అదుపులో పెట్టేదెవరు? అదీ థీమ్. దాని కింద పిల్ల ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. డెల్టాలో భూమి ఒకరిది, సాగు కౌలు రైతుది, మరి సభ్యుడిగా ఎవరుండాలి? బోర్డులో 5 నుంచి 15 మంది డైరెక్టర్లు ఉండాలంటుంది చట్టం, వాళ్లలో ఒకాయన వ్యాపారి దగ్గర అప్పున్న రైతైతే రేటు మాట్లాడే రోజున ఎవరి వైపు నోరు విప్పుతాడు?

అలాగని టైటిల్లో కోనసీమ పెట్టకండి. స్పెయిన్‌లో కార్మికుల సహకార సంస్థలైన మోండ్రగాన్ మీద పనిచేసేవాడూ, గుజరాత్ పాల సహకార సంఘాల మీద పనిచేసేవాడూ ఇది నా కోసమే అనుకోవాలి. ఇండియా అనగానే 2009 సత్యం కుంభకోణంతో మొదలుపెట్టే అలవాటు కూడా మానండి, ఎడిటర్లకి అది కంఠతా వచ్చు.

రాయడానికి ముందు ఆ జర్నల్ గత అయిదేళ్ల సంచికలు తిరగేయండి. ఇదే థీమ్ మీద నిరుడే వచ్చుంటే మీ శ్రమంతా గోదాట్లో కలిసినట్టే. తర్వాత చీఫ్ ఎడిటర్‌కి ఒక పేరా మెయిల్ పెట్టి ఆసక్తి ఉందా అని అడగండి, ఉందంటేనే పూర్తి ప్రపోజల్. అందులో ప్రశ్న, ఇప్పుడే ఎందుకు, ఈ జర్నల్లోనే ఎందుకు, ఎనిమిది పది నమూనా ప్రశ్నలు, గెస్ట్ ఎడిటర్ల వివరాలు, టైమ్‌టేబుల్, కాల్ ఫర్ పేపర్స్ (పేపర్లు పంపమనే ప్రకటన) చిత్తుప్రతి ఉంటే చాలు. గెస్ట్ ఎడిటర్లు ముగ్గురు నలుగురు, వేర్వేరు దేశాల వాళ్లయితే మంచిది, ఒక్కరైనా ఇంతకుముందు ఎడిటింగ్ చేసినవాళ్లు కావాలి. ఒకే డిపార్ట్‌మెంట్ వాళ్లు నలుగురు సంతకాలు పెడితే పెళ్లి శుభలేఖలా ఉంటుంది తప్ప ప్రపోజల్‌లా ఉండదు.

వచ్చిన పేపర్ల రివ్యూ ఎలా నడుపుతారో మాత్రం విడమరచి రాయండి. 2023లో హిందావీ ప్రచురణ సంస్థ 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది, ఎక్కువ భాగం స్పెషల్ ఇష్యూల్లోవే. అప్పట్నుంచి గెస్ట్ ఎడిటర్ అంటేనే అనుమానంగా చూస్తున్నారు. మీ సొంత పేపరు, మీ పీహెచ్‌డీ స్టూడెంట్ పేపరు, మీతో కలిసి రాసినవాళ్ల పేపరు మీరు ముట్టుకోరనీ, ఇష్యూ కోసం మీరు పెట్టే వర్క్‌షాప్‌కి వచ్చినంత మాత్రాన పేపరు తీసుకున్నట్టు కాదనీ, ఆఖరి మాట చీఫ్ ఎడిటర్‌దేననీ స్పష్టంగా ఉండాలి. “మాస్టారూ, నాదొకటి వేసెయ్యండి, ఆయ్” అనే ఫోన్లు వస్తాయి. ఆ పేరా చూపించి తప్పించుకోవచ్చు.

టైమ్‌టేబుల్ ఉదారంగా వేయండి. కాల్ బయటకు వెళ్లాక పేపర్లు రాయడానికే పది నెలలు, ఆపైన రెండు రౌండ్ల రివ్యూ, మొత్తం కలిపి రెండు మూడేళ్లు పడుతుంది. పేపర్లు పంపే గడువు జనవరి 15 మాత్రం పెట్టకండి. నేను పెట్టాను. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందాలు వదిలి ల్యాప్‌టాప్ తెరిచినవాడు ఒక్కడూ లేడు, గడువు ఫిబ్రవరి నెలాఖరుకి జరపాల్సొచ్చింది.