థాయ్‌లాండ్ చిల్లరను గుర్తుపట్టడం, వాడుకోవడం ఎలా?

బ్యాంకాక్‌లో దిగిన రెండో రోజుకే ప్యాంటు జేబు కిందికి వేలాడుతుంది. అక్కడ నోట్లు 20 బాత్ దగ్గర మొదలవుతాయి, అంతకు తక్కువదంతా నాణేలే. నీళ్ల సీసా కొన్నా, జామకాయ ముక్కలు కొన్నా, బస్సెక్కినా తిరిగి వచ్చేది చిల్లరే. ఆ చిల్లరలో ఇద్దరు రాజుల బొమ్మలు, రెండు మూడు రకాల లోహాలు, మనకు రాని లిపిలో సంవత్సరాలు. దాంతో చాలామంది మనవాళ్లు కౌంటర్ ముందు అరచేయి చాచి, “నువ్వే ఏరుకో తల్లీ” అన్నట్టు నిలబడిపోతారు. నేనూ మొదటిసారి అదే పని చేశాను. నిజానికి పది నిమిషాలు కూర్చుంటే వచ్చే విద్య ఇది.

రాజు బొమ్మను కాసేపు వదిలేయండి

మొదటి రోజు రాత్రి హోటల్ గదిలో చిల్లరంతా మంచం మీద పోసి పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా పేర్చండి. వాడకంలో ఉండేవి ఆరు రకాలు: 10, 5, 2, 1 బాత్, వాటి కింద 50, 25 సతాంగ్. వందో సతాంగ్‌తో ఒక బాత్ నిండుతుంది. సతాంగ్ అనే మాట మనకు కొత్తదేమీ కాదు, శత, అంగ కలిస్తే వచ్చిందే. నూరో భాగం అన్నమాట.

10 బాత్‌ను పొరపడే అవకాశం లేదు. రెండు లోహాలది, 26 మిల్లీమీటర్లు, 8.5 గ్రాములు. మన పది రూపాయల నాణేనికి చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు ఉంటాయి కదా, దీనికి అవి తారుమారు: చుట్టూ తెలుపు, మధ్యలో పసుపు. యూరప్ తిరిగొచ్చినవాళ్లకు 2 యూరోల నాణెం గుర్తొస్తుంది. రంగులూ బరువూ ఒకటే, సైజులో పావు మిల్లీమీటరే తేడా. రెండు దేశాల చిల్లరా ఒకే పర్సులో ఉంటే విడిగా పెట్టుకోండి. గుడి బొమ్మ ఉన్న 10 బాత్ మీద చూపులేనివాళ్ల కోసం బ్రెయిలీ చుక్కలు కూడా ఉంటాయి, గోటితో తడిమితే తగులుతాయి. మన దగ్గర పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2018లో మళ్లీ ప్రకటన ఇచ్చినా కొన్ని ఊళ్లలో కిరాణా కొట్టువాళ్లు మొహం తిప్పుకుంటారు. అక్కడ ఆ బాధ లేదు.

5 బాత్ తెల్లటిది, 24 మిల్లీమీటర్లు. అంచును పక్క నుంచి చూస్తే రాగి గీత కనిపిస్తుంది, ఎందుకంటే లోపలిది రాగి, పైన తొడుగు మాత్రమే తెల్లది. పాతవి 7.5 గ్రాములు, 2008 తర్వాతవి 6 గ్రాములు. పక్కపక్కన పెడితే కొత్తది పల్చగా ఉంటుంది. రెండూ చెల్లుతాయి, “ఇది నకిలీ ఏమో” అని కంగారు పడొద్దు.

ఒకటికీ రెండుకీ మధ్య

అసలు మోసపోయేది ఇక్కడే. మోసం చేసేవాళ్లు ఎవరూ లేరు, మన కళ్లే.

2 బాత్ నాణెం 2005లో వచ్చింది. అప్పటి దాన్ని ఉక్కు మీద నికెల్ పూతతో తెల్లగా చేశారు. 1 బాత్ కూడా తెల్లదే. 1 బాత్ 20 మిల్లీమీటర్లు, 2 బాత్ 21.75. ఆ కాస్త తేడాను చేతిలో పట్టి చెప్పడం థాయ్ వాళ్లకే కష్టమైంది. అందుకే నాలుగేళ్లు తిరగకుండానే 2 బాత్‌ను బంగారు రంగు మిశ్రమానికి మార్చారు. ఇప్పుడు మీ చేతికొచ్చే రెండు బాత్‌లలో ఎక్కువ భాగం పసుపువే. తెల్లవి మాత్రం ఇంకా చెలామణిలో ఉన్నాయి, అక్కడక్కడా తగులుతూనే ఉంటాయి.

ఒకసారి పళ్లబండి దగ్గర తెల్లవి నాలుగు లెక్కపెట్టి ఇచ్చి ముందుకు నడిచాను. బండి ఆమె వెనకనుంచి పిలిచి రెండు నాణేలు తిరిగి చేతిలో పెట్టింది. రెండు ఒకట్లు, రెండు రెళ్లు కలిపి ఆరు బాత్ ఇచ్చానట. అప్పటినుంచి తెల్ల చిన్న నాణేలను లెక్కపెట్టే ముందు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి చూస్తాను. అంచు బయటికి వచ్చేది రెండు.

పసుపు వాటిలోనూ చిన్న చిక్కుంది. పాత 50 సతాంగ్ కూడా పసుపే. అయితే అది 18 మిల్లీమీటర్లే, 2 బాత్ కంటే బాగా చిన్నది. 2008 తర్వాతి 50, 25 సతాంగ్‌లకు రాగి పూత వేశారు కాబట్టి అవి ఎర్రగా ఉంటాయి. కాబట్టి ఎర్రది కనిపిస్తే సతాంగే, పసుపుది కనిపిస్తే సైజు చూసుకోండి.

ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి ఎలాగూ కొంటారు. దాంతో పిల్లల చేత ఒక ఆట ఆడించొచ్చు. 2008 తర్వాతి 1 బాత్, రాగి పూత సతాంగ్‌లు, తెల్ల 2 బాత్ అయస్కాంతానికి అంటుకుంటాయి, ఎందుకంటే లోపల ఉక్కు. పాత 1 బాత్, పసుపు 2 బాత్ అంటుకోవు. లోహం ధరలు పెరిగే కొద్దీ నాణెం విలువ కంటే దాని తయారీ బరువై ఉక్కుకు దిగడం మన దేశంలోనూ చూసిందే.

పాతదా, కొత్తదా?

నాణేన్ని తిరగేయండి. గుడి ఉంటే అది తొమ్మిదో రామ రాజు భూమిబోల్ కాలంనాటిది (అక్కడి రాజవంశం పేరు చక్రి, ఆ వంశపు రాజులను రామ అనే పేరుకు వరస సంఖ్య చేర్చి పిలుస్తారు). కిరీటం కింద రాజముద్రలా అల్లిన అక్షరాలుంటే ఇప్పటి పదో రామ రాజు వజిరలోంగ్‌కోర్న్‌ది. భూమిబోల్ 2016 అక్టోబరు 13న కన్నుమూశారు. కొత్త రాజు నాణేలు 2018 ఏప్రిల్ 6న, చక్రి వంశ దినోత్సవం రోజున విడుదలయ్యాయి. సైజులూ రంగులూ మార్చలేదు, కాబట్టి పైన చెప్పిన లెక్క రెంటికీ పనికొస్తుంది. పాతవి రద్దు కాలేదు, ధైర్యంగా ఇవ్వండి.

గుడి బొమ్మలవి గుర్తుపెట్టుకోవడం తెలుగువాళ్లకు మరీ తేలిక. 10 బాత్ మీద వాట్ అరుణ్, అంటే అరుణుడి గుడి, చావో ప్రయా నది ఒడ్డున ఉన్నది. 5 బాత్ మీద వాట్ బెంచమబొఫిత్. ఆ పేరును కాస్త నెమ్మదిగా పలికి చూడండి, “పంచమ పవిత్ర” వినిపిస్తుంది. అయిదో రామ రాజు కట్టించిన పాలరాతి గుడి అది, అయిదు బాత్ మీద పంచమం! 2 బాత్ మీద వాట్ సాకేత్, బంగారు కొండ అని పిలుస్తారు, గుట్ట మీద స్తూపం. 1 బాత్ మీద రాజప్రాసాదం ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి, వాట్ ఫ్రా కేవ్. 50 సతాంగ్ మీద చియాంగ్ మాయ్ దగ్గరి దోయ్ సుతేప్, 25 మీద దక్షిణాన నఖోన్ సీ తమ్మరాత్‌లోని మహాథాత్ స్తూపం.

సంవత్సరం చదవాలనుకుంటే రెండు మాటలు. అది బుద్ధ శకం, 543 తీసేస్తే మన లెక్క వస్తుంది. 2561 అంటే 2018, 2551 అంటే 2008. అంకెలు థాయ్‌వి. చేతికొచ్చే నాణేలన్నిటికీ మొదటి రెండు అంకెలు 25 గానే ఉంటాయి, చివరి రెండు పోల్చుకుంటే చాలు. ఆ అంకెలు ఖ్మేర్ లిపి మీదుగా మన దక్షిణాది లిపుల నుంచే వెళ్లాయి. మనం ౧, ౨, ౩ లను బడిలోనే మరిచిపోయాం, వాళ్లు వాటి దాయాదులను డబ్బు మీద ముద్రించుకుంటున్నారు.

ఇవి కాక స్మారక నాణేలు చాలా ఉన్నాయి. వింత బొమ్మతో 10 బాతో, ఎప్పుడూ చూడని పెద్ద 20 బాతో చేతికొస్తే అది చెల్లే డబ్బే. యంత్రాలు మింగకపోవచ్చు, మనిషికి ఇవ్వండి. లేదా ఇంటికి తెచ్చుకోండి.

పావలా ఇంకా బతికే ఉంది

మన పావలా 2011 జూన్ 30తో పోయింది. థాయ్ పావలా పోలేదు. 25 సతాంగ్‌ను అక్కడ సలుంగ్ అంటారు, 50ని సోంగ్ సలుంగ్, అంటే రెండు పావలాలు. ఎవరికైనా బుర్ర సరిగా లేదని చెప్పాలంటే “బాత్ నిండలేదు” అంటారు. మూడు సలుంగ్‌లు అన్నా అదే తిట్టు.

వీధి బండ్లు, చిన్న కొట్లు, టుక్‌టుక్‌లలో సతాంగ్‌ల ఊసే ఉండదు. అవి సూపర్‌మార్కెట్‌లో తగులుతాయి. అక్కడ తూకం సరుకు ధర కలిసేసరికి పావలాలూ అర్ధలూ వస్తాయి, కొన్ని చోట్ల బిల్లును పావలాకు సరిచేస్తారు. కాబట్టి సతాంగ్‌లు వదిలించుకోవలసిన చోటు కూడా సూపర్‌మార్కెట్టే. మామిడిపళ్ల బండి దగ్గర నాలుగు సలుంగ్‌లు లెక్కపెట్టి ఇస్తే చట్టప్రకారం తప్పు లేదు, కానీ ఆవిడ మొహం చూడాలి. చట్టానికీ ఒక హద్దుంది. ఒక చెల్లింపులో 25, 50 సతాంగ్‌లు 10 బాత్ దాకా, 1, 2, 5 బాత్ నాణేలు 500 దాకా, 10 బాత్ నాణేలు 1000 దాకా మాత్రమే తీసుకోవాలని ఎదుటివాణ్ని బలవంతం చేయొచ్చు.

ఎక్కడ ఏది దాచుకోవాలి

10 బాత్‌లను ఖర్చుపెట్టేయకండి. బట్టలుతికే కాయిన్ మెషీన్లకు అవే కావాలి. వీధి మూలల్లో మంచినీళ్ల యంత్రాలుంటాయి, వాటికి 1, 5 బాత్‌లు పనికొస్తాయి. స్కైట్రైన్ స్టేషన్లలో నాణేలు మాత్రమే తీసుకునే టికెట్ యంత్రాలు కనిపిస్తే నోటు పట్టుకుని వాటితో కుస్తీ పట్టకండి, కౌంటర్లో నోటు ఇస్తే చిల్లర ఇస్తారు.

సిటీ బస్సులో కండక్టర్ చేతిలో పొడుగాటి రేకు గొట్టం ఉంటుంది, టికెట్లూ చిల్లరా అందులోనే. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంటే చేతిలో నాణేలు సిద్ధంగా పెట్టుకోండి. వెయ్యి బాత్ నోటు తీస్తే మన ఆర్టీసీ కండక్టర్‌కు పొద్దున్నే అయిదు వందలు ఇచ్చినప్పటి చూపే వస్తుంది. సాంగ్‌తేవ్‌లలో, అంటే రెండు వరసల బల్లలున్న పికప్ బండ్లలో, దిగాక డ్రైవర్‌కు కిటికీలోంచి ఇవ్వాలి. అక్కడ సరిపడా చిల్లర ఇచ్చి నడిచిపోవడమే పద్ధతి. బండ్ల వాళ్లలో చాలామంది దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, కానీ అది థాయ్ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు అనుకూలం. టూరిస్టుకు చిల్లరే దిక్కు.

చిల్లరను అక్కడ సేత్ సతాంగ్ అంటారు. సేత్ అంటే శేషం. అంకెలు కూడా పదిదాకా వస్తే బేరం దగ్గర పని జరుగుతుంది: నుంగ్, సోంగ్, సామ్, సీ, హా, హోక్, చెత్, పేట్, కావ్, సిప్. “హా బాత్” అంటే అయిదు, “సిప్ బాత్” అంటే పది.

ఒక జాగ్రత్త. నాణెం జారి దొర్లిపోతుంటే కాలితో తొక్కి ఆపకండి. దాని మీద రాజు బొమ్మ ఉంటుంది, కాలు పెట్టడం అక్కడ చాలా పెద్ద అమర్యాద, రాజును అవమానిస్తే జైలుశిక్ష వేసే చట్టం ఉన్న దేశం అది. కాలు తగిలిన రూపాయిని కళ్లకు అద్దుకునే అలవాటున్న మనకు ఇది చెప్పకపోయినా ఫర్వాలేదేమో. దొర్లనివ్వండి, వంగి తీసుకోండి.

విమానం ఎక్కేముందు

డబ్బు మార్చే కౌంటర్లు సాధారణంగా నోట్లే తీసుకుంటాయి, నాణేలు తీసుకోవు. హైదరాబాదుకు వచ్చాక అయితే ఆ ఊసే లేదు. అందుకే చివరి ముందురోజు రాత్రి మళ్లీ మంచం మీద పోయండి. బాత్‌లన్నీ లెక్కపెట్టి మర్నాడు ఒకే బిల్లుకు నాణేలు ముందిచ్చి, తక్కువైంది నోటుతో ఇవ్వండి. కౌంటర్ రద్దీ లేని సమయం చూసుకోండి. ఒక బాత్ రెండు రూపాయలకు పైనే కాబట్టి గుప్పెడు చిల్లరంటే మన డబ్బులో బిర్యానీ ఖరీదు ఉండొచ్చు.

నాణేలంటే ఇష్టమున్నవాళ్లు ఖావో సాన్ రోడ్డుకు దగ్గర్లో, చక్రపోంగ్ రోడ్డులో ఉన్న నాణేల మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. అక్కడ నోట్ల పని కేంద్ర బ్యాంకుది, నాణేల పని ఖజానా శాఖది. మ్యూజియం ఆ శాఖదే.

ఇంకా సతాంగ్‌లు మిగిలితే బ్యాంకాక్‌లోనే వాట్ ఫో గుడి ఉంది. పడుకున్న బుద్ధుడి వెనక గోడ వెంట 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్లాలి. అక్కడ గిన్నెడు చిల్లర అమ్ముతారు. జేబులో ఎర్ర సలుంగ్‌లు ఉన్నవాళ్లు ముందు వాటిని వేయండి, చాలకపోతే అప్పుడు కొనుక్కోండి.