కాలికి కట్టుతో ఇంట్లో ఉన్న కుక్కకి పొద్దు గడిచేదెలా: సమస్య - పరిష్కారం

పర్లాకిమిడిలో మా వీధి మలుపు దగ్గర ఆటో తగిలి మా బుజ్జి వెనక కాలు విరిగింది. విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం, కనీసం ఎనిమిది వారాలు పరుగు, మెట్లు, దూకడాలు ఏవీ వద్దన్నారు. రోజూ పొద్దున్నే మహేంద్రతనయ ఏటి ఒడ్డున గంటసేపు పరిగెత్తే రెండేళ్ల కుక్క అది. కాలు కదలకూడదు సరే, మరి ఆ ఒంట్లో ఉన్న హుషారంతా ఎక్కడికి పోవాలి? ముక్కుకి, బుర్రకి పని పెట్టాలి. మాకు ఎదురైనవి ఒక్కొక్కటే రాస్తున్నాను, మీకు పనికొస్తాయి.

సమస్య: రాత్రంతా మూలుగు, తలుపు గీకడం

ముందు నొప్పేమో చూడండి. పడుకున్నా వగరుస్తోందా, వణుకుతోందా, తిండి ముట్టట్లేదా, చెయ్యి వేస్తే లాక్కుంటోందా? అయితే అది నొప్పే, డాక్టరుకి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న మన బిళ్లలు, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఇవేవీ సొంతంగా వేయొద్దు. కుక్కల కడుపు, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు.

మీరు వెళ్లి పక్కన కూర్చోగానే ఊరుకుందంటే మాత్రం చాలావరకు తోచకపోవడమే. అప్పుడు గిన్నెలో అన్నం పెట్టడం మానేయండి. పాత తువ్వాలు పరిచి, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం గోరంత ముక్కలు చేసి, అక్కడక్కడ జల్లి, చాపలా చుట్టి, పడుకున్న కుక్క ముందు కాళ్ల మధ్య పెట్టండి. మొదటి రోజు బుజ్జి తువ్వాలుని ఊరికే పీకింది. మూడో రోజుకి మడత అంచుని ముక్కుతో మెల్లగా పైకెత్తి, ఊపిరి బుస్సున లోపలికి లాగి, ముక్క దొరికాక తర్వాతి మడతకి వెళ్లడం నేర్చుకుంది. పావుగంట పట్టేది, అయ్యాక గడ్డం ఆ తువ్వాలు మీదే ఆనించి నిద్రపోయేది. ఎండాకాలం మధ్యాహ్నాలకి ఉప్పు వేయని చోడి (రాగి) అంబలి, ఒడియా వాళ్లు మండియా జావు అంటారే అదే, కొంచెం పెరుగు కలిపి చిన్న గిన్నెలో గడ్డకట్టించి పళ్లెంలో బోర్లించండి. నాకుతూ చాలాసేపు కూర్చుంటుంది.

సమస్య: ఎవరొచ్చినా ఎగిరి మీద పడుతుంది

ఎనిమిది వారాల కష్టం ఒక్క గెంతులో పోతుంది. గేటు చప్పుడయ్యాక పట్టుకుందాం అంటే ఆలస్యమే, తలుపు తీయకముందే బెల్టు మీ చేతిలో ఉండాలి. వచ్చినవాళ్లని పేరు పెట్టి పిలవొద్దని, కళ్లలోకి చూడొద్దని మొహమాటం లేకుండా చెప్పండి. దీనితోపాటు మాటలు నేర్పండి. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, అందుకని బుజ్జికి 'ఆగు' వచ్చాక 'రొహొ' కూడా నేర్పాం, రెండిటికీ అర్థం ఒకటేనని దానికి పట్టుబడడానికి వారం పట్టింది. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. కూర్చోవడం, లేవడం మాత్రం పదేపదే చేయించకండి, కాలి మీద బరువు పడుతుంది.

సమస్య: కట్టు కొరుకుతుంది, నాకుతుంది

తోచక కొరికితే మెడకి కోన్ (నోరు కట్టుకి అందకుండా తల చుట్టూ వేసే గరాటు లాంటిది) వేస్తే సరి, జాలిపడి రాత్రుళ్లు తీసేయకండి. కానీ ఉన్నట్టుండి మొదలుపెట్టిందంటే లోపల తడో, బిగుతో, పుండో ఉండొచ్చు. వేళ్లు వాచినా, చల్లగా తగిలినా, వాసన వచ్చినా ఆ రోజే డాక్టరుకి చూపించండి, రేపటికి వాయిదా వేయొద్దు. వానలో బయటికి తీసుకెళ్లేటప్పుడు కట్టుకి కవరు చుట్టి, లోపలికి రాగానే విప్పేయండి. అలాగే ఉంచేస్తే చెమటకి నాని మరీ పాడవుతుంది.

సమస్య: కాలు సన్నబడింది, గచ్చు మీద జారుతోంది

వాడకపోతే కండ తగ్గుతుంది. డాక్టరు నడిపించమన్నాక బెల్టు పొట్టిగా పట్టుకుని, మనకే విసుగొచ్చేంత మెల్లగా నడిపించండి. ఇది చాలామందికి తెలియదు: వేగంగా వెళ్తే కుక్క దెబ్బ తగిలిన కాలు పైకి ఎత్తేసి మూడు కాళ్ల మీద లాగించేస్తుంది, మెల్లగా వెళ్తేనే నాలుగో కాలు నేలకి ఆనిస్తుంది. మేం ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, డాక్టరుని అడుగుతూ వారానికి కొంచెం పెంచాం. మర్నాడు కుంటు ఎక్కువైందంటే నిన్న మోతాదు మించిందని అర్థం, వెనక్కి తగ్గండి. వెనక కాలు దెబ్బయితే పొట్ట కింద తువ్వాలు ఉయ్యాలలా వేసి పట్టుకుంటే దానికి ధైర్యం వస్తుంది. టైల్స్ మీద గోనె సంచులు పరిచేయండి, కానీ అంచులు మడతపడకుండా చూడండి. ఈత మంచిదని ఎవరైనా చెబితే ఆగండి: కుట్లు విప్పి, పుండు పూర్తిగా మానాక, అదీ డాక్టరు ఒప్పుకుంటేనే. వానాకాలం ఏటిలో అసలే వద్దు.

సమస్య: బరువు పెరుగుతోంది

పరుగు లేదు, తిండి అంతే ఉంది కదా. ఆటలో పెట్టే ముక్కలన్నీ రోజు తిండిలోంచే తీయండి. పక్కటెముకలు చేతికి తగలాలి. ఉల్లిపాయ పడ్డ కూర, కిస్‌మిస్, ఉడికిన ఎముకలు జాలితో కూడా పెట్టొద్దు.

సమస్య: ఐదో వారానికే బాగా నడుస్తోంది, వదిలేద్దామా?

వద్దు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన రోజులివే. నొప్పి తగ్గింది కాబట్టి నడుస్తోంది, ఎముక ఇంకా అతుక్కుంటూనే ఉంటుంది. ఎదిగిన కుక్కకి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టడం మామూలే, ఈలోగా పరిగెత్తిస్తే ఆపరేషన్‌లో లోపల వేసిన రాడ్డు వంగొచ్చు, విరగొచ్చు. ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అన్నాక కూడా బెల్టు ఒక్కసారిగా విప్పకండి. మేం తొమ్మిదో వారంలో ఏటి ఒడ్డు దాకా తీసుకెళ్లి, పది నిమిషాలు గడ్డి వాసన చూడనిచ్చి, అదే మెల్లటి నడకతో ఇంటికి తెచ్చాం.