తక్కువ ఖర్చులో నమ్మకమైన డీజిల్ ట్రాలీ కొనడం ఎలా?

కిరాయికి తిప్పడానికో, సొంత సరుకు తోలుకోవడానికో ట్రాలీ, అంటే వెనక తొట్టి ఉండే చిన్న డీజిల్ సరుకుల బండి కొనేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: బండి ఆగిపోతే మన ఊళ్ళో ఆ రోజే బాగుచేసేవాళ్ళు ఉన్నారా? ఆగిన రోజు కిరాయి రాదు, ఈఎంఐ మాత్రం ఆగదు. మీ టౌన్‌లో స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళి, మీరు అనుకుంటున్న మోడల్‌కి క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, సెల్ఫ్ మోటారు ఉన్నాయా అని అడగండి. "ఆర్డర్ పెడితే నాలుగు రోజులకి వస్తాయి" అంటే ఆ మోడల్‌ని వదిలేయడమే మంచిది.

1. లోడు లెక్క వేసుకోండి

టాటా ఏస్ డీజిల్ మోసేది సుమారు 750 కిలోలు. అంటే 15 సిమెంటు బస్తాలు. టాటా ఇంట్రా వీ30 అయితే 1,300 కిలోలు, అశోక్ లేలాండ్ దోస్త్ ప్లస్ దాదాపు 1,500 కిలోలు, బొలెరో పికప్‌లో రకాన్ని బట్టి 1,300 నుంచి 1,700 కిలోలు. బ్రోషర్‌లో అంకె కంటే ఆర్సీలో రాసిందే అసలు లెక్క. అందులో లాడెన్ వెయిట్ (సరుకుతో కలిపి మొత్తం బరువు) లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేస్తే మిగిలేదే మీరు వేయగలిగే బరువు. పైన ఇనుప బాడీ కట్టిస్తే ఆ మేరకు తగ్గుతుంది. ఓవర్‌లోడుకి చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000.

పండక్కి ఒకట్రెండు సార్లు వచ్చే పెద్ద లోడు కోసం పెద్ద బండి కొనకండి. ఆ రోజుకి వేరే బండి మాట్లాడుకోవచ్చు. ఇంకో విషయం, మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. బొలెరో 1.7 టన్నుల రకం ఆ గీత దాటుతుంది.

2. డీజిలే కావాలా?

రోజుకి 40, 50 కిలోమీటర్లు ఊళ్ళోనే సందుల్లో తిరిగే పనైతే డీజిల్ వద్దంటాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కాసేపు ఆగకుండా ఒకే స్పీడులో పరిగెత్తాలి. ప్రతి కొట్టు దగ్గరా ఆగే బండికి ఆ అవకాశం రాదు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, షెడ్డుకి పరుగు. అలాంటి పనికి సీఎన్‌జీ నయం, బంకు దగ్గర్లో ఉంటే.

హైవే మీద లోడుతో రోజుకి 100 కిలోమీటర్లు దాటేవాళ్ళకి డీజిలే సరి. పాడేరు, మారేడుమిల్లి లాంటి ఘాట్ రోడ్లలో తిరిగితే రెండు సిలిండర్ల 702 సీసీ ఏస్‌ని నిండు లోడుతో ఎక్కించి ఇబ్బంది పెట్టొద్దు. అక్కడ 2,523 సీసీ బొలెరో పికప్ లాంటిది కావాలి. మైలేజ్ తేడా కూడా చూసుకోండి: నెలకి 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 14 బదులు 10 ఇస్తే 86 లీటర్లు ఎక్కువ తాగుతుంది. అంటే నెలకి ఎనిమిది వేల దాకా.

3. పాత బండి అయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

డబ్బు తక్కువైతే సెకండ్ హ్యాండ్ కొనడంలో తప్పేం లేదు. బీఎస్6 కంటే ముందు వచ్చిన బీఎస్4 బండ్లు ఊరి మెకానిక్‌ల చేతికి బాగా అలవాటు. పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. బానెట్ మీదో సీటు కిందో చెయ్యి పెట్టి చూడండి. ఇంజన్ అప్పటికే వెచ్చగా ఉంటే స్టార్టింగ్ ట్రబుల్ కనపడకుండా ముందే తిప్పి ఉంచారేమో అని అనుమానించండి.

స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలంగా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందో, డీజిల్ సరిగా మండట్లేదో. నల్లపొగ ఎయిర్ ఫిల్టర్ దగ్గరో, ఇంజెక్టర్ల దగ్గరో తేలొచ్చు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, పెద్ద ఖర్చు రాబోతోందని అర్థం. మూత లోపల మజ్జిగలాంటి నురగ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం.

మీటర్‌లో కిలోమీటర్లని నేనైతే పట్టించుకోను, తిప్పడం తేలిక. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల చూడండి. కమాన్ కట్టలకి (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలకి) అదనంగా పట్టీ వేయించారంటే ఆ బండి జన్మంతా ఓవర్‌లోడు మోసిందన్నమాట. భీమవరం, కాకినాడ వైపు చేపలు, రొయ్యలు తోలిన బండ్లని మాత్రం కింద పడుకుని చూడాల్సిందే: ఉప్పునీళ్ళు కారి చాసిస్ తుప్పు పడుతుంది, పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. చాసిస్ మీద వెల్డింగ్ అతుకు కనిపిస్తే బేరం ఆపేయండి.

ఖాళీ బండిని నడిపి సరిపెట్టుకోవద్దు. సగం లోడైనా వేసి ఫ్లైఓవర్ ఎక్కించండి. క్లచ్ జారినా, గేరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చినా అక్కడ తెలిసిపోతుంది. మీ మెకానిక్‌ని తీసుకెళ్ళండి, అమ్మేవాళ్ళ మెకానిక్ మాట వినకండి.

4. కాగితాలు

కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తాయి. చలాన్లు కూడా చూడండి. ఎనిమిదేళ్ళ లోపు బండికి ఫిట్‌నెస్ రెండేళ్ళకోసారి, అది దాటాక ఏటా. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరిందని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పు ఫారాలైన 29, 30 మీద సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకోవడం కాదు, వెంటనే ఆర్టీఓ ఆఫీసులో పేరు మార్పించుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి.

మీరు చెప్పబోయే ధరలోంచి నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ సెట్ ఖర్చు పక్కన పెట్టుకుని బేరం మొదలుపెట్టండి. బండి ఇంటికొచ్చిన వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించండి. రేడియేటర్‌లో మామూలు నీళ్ళుంటే తీసేసి కూలెంట్ పోయించండి.