పెట్ ఫొటోలో ఒక్క రంగు మాత్రమే ఉంచి, మిగతాదంతా నలుపు తెలుపు చేసే ముందు చూసుకోవాల్సినవి

కెమెరాను బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పెట్టి జేపెగ్ (మామూలు ఫొటో ఫైల్) ఒక్కటే తీయకండి. ఆ ఫైల్‌లో రంగు ఉండదు, తర్వాత తిరిగి రాదు. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టినదంతా అలాగే దాచే ఫైల్‌గా తీస్తే తెర మీద నలుపు తెలుపుగా కనిపించినా రంగులన్నీ లోపల భద్రంగా ఉంటాయి. కుక్కపిల్ల మళ్లీ అంత బుజ్జిగా దొరకదు కదా!

ఫ్లాష్ ఆపేయండి. కుక్కలకు, పిల్లులకు కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మెరుస్తాయి. మిగతా రంగులు తీసేశాక చూపంతా ఆ మెరుపు మీదికే పోతుంది. కిటికీ వెలుగు చాలు.

ఉంచే రంగు ఒక్కటే ఎంచుకోండి. కళ్లు, కాలర్, బంతి మూడూ రంగులో ఉంటే ఎటు చూడాలో తెలియదు. నా ఓటు ఎప్పుడూ కళ్లకే.

రంగును బట్టి సెలెక్ట్ చేసి వదిలేయకండి. ఎర్ర కాలర్ కోసం నొక్కితే నాలుక కూడా వచ్చేస్తుంది. మాస్క్‌ను, అంటే రంగు ఉంచేందుకు ఎంచుకున్న భాగాన్ని, చేత్తో దిద్దాల్సిందే.

అంచులను 100 శాతం జూమ్‌లో చూడండి. కాలర్ మీద వాలిన వెంట్రుకలు ఎర్రగా మిగిలిపోతాయి. తెల్ల బొచ్చైతే గడ్డం కింద కాలర్ రంగు లేత గులాబీగా పడుతుంది, చాలామంది వదిలేసేది అక్కడే. మెత్తటి బ్రష్‌తో మెల్లగా తుడవండి.

కళ్ల సాచురేషన్ (రంగు గాఢత) పెంచకండి, గాజుకళ్లలా అనిపిస్తాయి.

ఒరిజినల్ మీద సేవ్ చేయకండి.