కె బాణాన్ని కదపకండి

మాది నెల్లూరు, ఉండేది చెన్నై తరమణిలో. లోరెంజ్ సౌష్ఠవం అంటే ఎటు తిరిగి చూసినా, ఏ స్థిరవేగంతో కదులుతూ చూసినా భౌతిక నియమాలు ఒకటే కావడం. అది భంగమైన గేజ్ సిద్ధాంతాలు మొదలుపెట్టే పిల్లలు నా గదికొస్తే ముందు ఒకే లెక్క ఇస్తాను. అది భౌతిక శాస్త్రవేత్తలు కరోల్, ఫీల్డ్, జాకివ్ 1990లో విద్యుదయస్కాంత సిద్ధాంతానికి చేర్చి పరిశీలించిన పదం మీద లెక్క.

మాక్స్‌వెల్ లగ్రాంజియన్, అంటే విద్యుదయస్కాంత సమీకరణాలు పుట్టే సూత్రం, రాయండి. స్థిరమైన ఫోర్‌వెక్టర్ కె (స్థలకాలంలో ఒకే దిక్కు చూపే బాణం), ఎప్సిలాన్ (సూచికల్ని కలిపే ప్రతిసౌష్ఠవ గుర్తు), పొటెన్షియల్ ఏ, దాని అవకలజాలతో వచ్చే క్షేత్రం ఎఫ్ గుణించి, 1/4 గుణకంతో దానికి కలపండి. ఇప్పుడు ఏకి లామ్డా అనే ఏదైనా ప్రమేయం అవకలజాన్ని చేర్చండి. గేజ్ పరివర్తన అంటే ఇదే. లగ్రాంజియన్ మారుతుంది. అక్కడే కలం కింద పెట్టేయకండి, యాక్షన్, అంటే లగ్రాంజియన్‌ని స్థలకాలమంతా సమాకలనం చేస్తే వచ్చేది, చూడండి. విభాగ సమాకలనం చేస్తే అవకలజం ఎఫ్ మీద పడి బియాంకీ సమీకరణంతో (ఎఫ్ ఏ నుంచి పుట్టింది కనుక తనంతట తీరే నియమం) సున్నా అవుతుంది. కె మీద పడినా, అది స్థిరం కనుక సున్నాయే. మిగిలేది అంచు పదం. గేజ్ సౌష్ఠవం నిలిచినట్టే.

తర్వాతి మెట్టు లోరెంజ్ సౌష్ఠవాన్ని పరీక్షించడం, అక్కడ నాకు వారం పోయింది. క్షేత్రాలతోపాటు కెని కూడా తిప్పేశాను. అన్నీ కుదిరాయి, భంగమే లేదనుకున్నాను. సాయంత్రం బెసంట్ నగర్ బీచ్‌లో గొడుగు పట్టుకుని నిలబడితే సంగతి తెలిసింది. గాలి సముద్రం మీంచి వస్తోంది. తూర్పుకి నేను వేరే పేరు పెట్టుకుంటే గొడుగు మీద తోపుడు మారదు. గొడుగునే తిప్పితే మారుతుంది. అక్షాలు మార్చడం పరిశీలకుడి పరివర్తన, అందులో కె కూడా తిరుగుతుంది. క్షేత్రాన్ని మాత్రమే తిప్పి కెని ఉన్నచోటే ఉంచడం కణ పరివర్తన. భంగం బయటపడేది ఇందులోనే. అందుకే కెని ఎర్ర సిరాతో రాయిస్తాను.

ఇక తరంగం. కెకి ఎం విలువున్న కాలభాగం ఒక్కటే ఉంటే, పౌనఃపున్య వర్గం తరంగసంఖ్య వర్గానికి ఎం రెట్లు తరంగసంఖ్యను కలిపినా, తీసేసినా వచ్చేదే. తరంగసంఖ్య ఎం కన్నా చిన్నదైతే, తీసేసినప్పుడు పౌనఃపున్య వర్గం రుణాత్మకమవుతుంది, అంటే తరంగం పెరుగుతూ పోతుంది. పెద్దదైనప్పుడు కుడి, ఎడమ వృత్త ధ్రువణాల వేగాలు వేరవుతాయి, ధ్రువణ తలం దూరంతో తిరుగుతుంది. ఈ తిరుగుడు తరంగదైర్ఘ్యం మీద ఆధారపడదు. దారిలోని అయస్కాంత క్షేత్రమున్న ప్లాస్మా వల్ల వచ్చే ఫారడే తిరుగుడు మాత్రం తరంగదైర్ఘ్య వర్గాన్నిబట్టి మారుతుంది. ఆ ముగ్గురూ దూరపు రేడియో గెలాక్సీల ధ్రువణాన్ని చూసి కెకి హద్దు పెట్టగలిగింది ఈ తేడాతోనే. నాకు ఎంతో ఇష్టమైన చోటిది.

క్వాంటమ్ లూప్‌కి తొందరపడకండి. ఫెర్మియాన్‌కి (ఎలక్ట్రాన్ లాంటి కణానికి) బి అనే మరో స్థిర బాణంతో అక్షీయ పదం చేర్చి ఒక లూప్ (క్వాంటమ్ సవరణ) కడితే కె లాంటి పదమే పరిమితంగా వస్తుంది. కానీ దాని విలువ లెక్కకట్టే పద్ధతిని బట్టి మారుతుందని జాకివ్, కోస్టెలెకీ 1999లో చూపించారు. లెక్క మొదలెట్టేముందే ఏ పద్ధతో పేజీ పైన రాసుకోండి.