గిటార్ మీది గీతలు రుద్దే ముందు జాగ్రత్తలు

ముందు ఫినిష్ (గిటార్ మీది పై పూత) ఏదో తెలుసుకోండి. నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పూత మీద నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ పడితే కరిగిపోతుంది. షెల్లాక్ అనే లక్క పూతను పాడుచేయడానికి స్పిరిట్ (ఆల్కహాల్) చాలు. తెలియకపోతే ఈ రెండూ దగ్గరికి రానివ్వకండి.

మెరుపు లేని శాటిన్ ఫినిష్‌ను మాత్రం దయచేసి రుద్దొద్దు. రుద్దినచోట నిగనిగలాడే మచ్చ పడుతుంది, మళ్ళీ మామూలుగా చేయడం చాలా కష్టం.

• తీగలు వదులు చేసి తీయండి, సౌండ్‌హోల్ (మధ్యలోని రంధ్రం) మూయండి.
• గీత చెక్క దాకా దిగితే తడి సాండ్‌పేపర్ వద్దు. నీరు పీల్చి చెక్క ఉబ్బుతుంది.
• సిలికోన్ ఉన్న కారు పాలిష్ వాడితే తర్వాత వేసే లాకర్ సరిగా పట్టదు.
• 2000 గ్రిట్ (చాలా నున్నటి) సాండ్‌పేపర్‌తో, కనపడని చోట మొదలుపెట్టండి. పై పూత చాలా పలచన, అంచుల దగ్గర ఇంకా త్వరగా అరిగిపోతుంది.
• కిటికీలు తెరవండి, స్టవ్‌కు దూరంగా కూర్చోండి.

పాత, విలువైన గిటార్ అయితే మీరు చేయి పెట్టకండి. రిపేర్ తెలిసినవారికి చూపించండి.