దసరాకి ముందు విన్‌ఫారమ్స్ డిజైనర్ మారుస్తున్నారా?

బేగంబజార్ హోల్‌సేల్ కొట్లకో, కోఠి మందుల షాపులకో విన్‌ఫారమ్స్‌లో (విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పండగ గిరాకీలో కౌంటర్ దగ్గర ఒక్క బటన్ కనబడకపోయినా బిల్లులు ఆగిపోతాయి. కోడు రాసే విజువల్ స్టూడియోను, దాంతోపాటు అందులో ఫారాలు (ప్రోగ్రాం తెరలు) గీసే డిజైనర్‌ను 2019 నుంచి 2022కి మార్చే పని ఉంటే బతుకమ్మకు నెల ముందే ముగించండి. కుదరకపోతే దీపావళి దాటనివ్వండి.

పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌వి కాకుండా కొత్త డాట్‌నెట్ ప్రాజెక్టుల్లో, డిజైనర్‌లో ఫారం విజువల్ స్టూడియోకు బయట వేరే ప్రాసెస్‌లో తెరుచుకుంటుంది. మంచి మార్పే. అయితే ఫారం సేవ్ చేసిన ప్రతిసారీ ఫారం రూపాన్ని కట్టే ఇనిషియలైజ్‌కాంపొనెంట్ కోడును డిజైనరే తిరగరాస్తుందని మరవకండి. అందుకే ముందు గిట్‌లో (కోడు మార్పులు దాచే సాధనం) విడిగా బ్రాంచి తీయండి. ఒక ఫారం తెరిచి, ఒక లేబుల్‌ను కాస్త జరిపి సేవ్ చేసి, డిఫ్ (ఏ లైన్లు మారాయో) చూడండి. ఆ లేబుల్ లైన్లే మారితే సరే. ఫైలంతా మారితే కారణం తేలేదాకా రెండో ఫారం ముట్టుకోవద్దు.

నన్ను ఎక్కువ భయపెట్టేది 32-బిట్ కంట్రోళ్లు (ఫారం మీద పెట్టే బటన్లవంటి భాగాలు). విజువల్ స్టూడియో 2022 పూర్తి 64-బిట్, 32-బిట్ కోడును తనలోకి లోడ్ చేసుకోలేదు. కాటా యంత్రం కోసం పెట్టుకున్న పాత 32-బిట్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్ ప్రోగ్రాం నడిచేటప్పుడు బాగానే పనిచేస్తుంది, డిజైనర్‌లో మాత్రం లోడ్ కాదు. అప్పుడు ఎర్రర్ పేజీలో 'ఇగ్నోర్ అండ్ కంటిన్యూ' అని కనిపిస్తుంది. దయచేసి నొక్కకండి. నొక్కి సేవ్ చేస్తే ఆ కంట్రోల్ కోడే ఫైల్లోంచి ఎగిరిపోవచ్చు. ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టులకు 32-బిట్ కంట్రోళ్లు తెరిచే ఏర్పాటు తర్వాతి అప్‌డేట్లలో వచ్చింది కానీ, అన్ని కంట్రోళ్లూ అందులో కుదురుగా నడవవు. మీవి నడుస్తాయో లేదో ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోండి.

తర్వాత స్కేలింగ్, అంటే విండోస్ తెర మీది అక్షరాలు, బటన్లు ఎంత పెద్దవిగా చూపాలో చెప్పే శాతం. మాదాపూర్ ఆఫీసులో లాప్‌టాప్ 150 శాతంలో ఉంటుంది, కొట్లో పాత మానిటర్ 100 శాతంలో ఉంటుంది. డిజైనర్ పైన పసుపు పట్టీ వచ్చి 100 శాతంతో రీస్టార్ట్ చేయమంటే అలాగే చేయండి. బృందంలో అందరూ ఒకే స్కేలింగ్‌లో ఫారాలు తెరవాలి, లేకపోతే కొలతలు ఒకరి తర్వాత ఒకరు మార్చేస్తూ పోతారు.

ఫ్రేమ్‌వర్క్ నుంచి కొత్త డాట్‌నెట్‌కి కూడా వెళ్తుంటే డిఫాల్ట్ ఫాంటు మారుతుంది: మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్ పోయి సెగో యూఐ 9 పాయింట్లు వస్తుంది, ఫారం పెరుగుతుంది. అప్లికేషన్ మొదట్లోనే సెట్‌డిఫాల్ట్‌ఫాంట్‌తో పాతదే పెట్టుకోవచ్చు, ఇది డాట్‌నెట్ 6 నుంచి ఉంది. తెలుగు లేబుళ్లను మాత్రం కంటితో చూడాల్సిందే. ఎత్తు కట్టేసిన లేబుల్లో ఒత్తులు కింద తెగిపోతాయి, వాటికి ఆటోసైజ్ పెట్టండి.

మీరు సొంతంగా చేసుకున్న యూజర్ కంట్రోల్ కన్‌స్ట్రక్టర్‌లో (కంట్రోల్ తయారయ్యేటప్పుడు మొదట నడిచే కోడు) డేటాబేస్ కనెక్షన్ ఉంటే బయటికి తీసేయండి. ఆ కంట్రోల్ ఉన్న ఫారాన్ని డిజైనర్‌లో తెరిచినా ఆ కోడు నడుస్తుంది. అది క్లయింటు అసలు డేటా మీదికి పోకూడదు.

డాట్‌నెట్ 9లో డార్క్ మోడ్ ప్రయోగదశలోనే విడుదలైంది. ఈ సీజన్‌కి అక్కర్లేదు.

2019ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, రెండూ ఒకే మెషీన్‌లో ఉంటాయి. కొట్లో నడుస్తున్న వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను, గిట్‌లో దాని సోర్సుకు గుర్తుగా పెట్టిన ట్యాగ్‌ను కూడా విడిగా దాచి, తిరిగి వెనక్కి వేయడం ఒకసారి చేసి చూసుకున్నాకే కొత్తది పంపండి.